నేను గీసిన మనిషికి ఎడమకాలు

ఆ రోజుల్లో ట్రైనింగు ముగించుకొని బయటికొచ్చిన ప్రతి కుర్ర అయ్యవారికీ ఒక జబ్బు ఉండేది. ఈ దేశం ఇన్నాళ్లూ మనకోసమే కాచుకొని కూర్చుందని, మనం వెళ్లి నల్లబల్ల మీద సుద్దముక్క ఆనించగానే లేచి నడుస్తుందని నమ్మేవాళ్లం. చాలామందికి మొదటి ఎండాకాలానికే అది నయమయ్యేది. నాకు కాస్త ముదిరింది. ముదరడానికి కారణం కూడా ఒకటుంది. ట్రైనింగులో మాకు విద్యాసిద్ధాంతాలు చెప్పిన మాస్టారు ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి దేహం దగ్గరికే వచ్చేవారు. మేము ఆయనకు 'దేహం సారు' అని పేరు పెట్టుకున్నాం. "సమాజం ఒక దేహమయ్యా. తల తలపని చేయాలి, చెయ్యి చేతిపని చేయాలి. ఎవరు ఏ అవయవమో తేల్చి, దానికి తగిన పని నేర్పి పంపేదే బడి. వేళకు రావడం, వరుసలో నిలబడటం, పదిమందితో కలిసి మెలగడం నేర్పి, ఆ అవయవాలన్నిటినీ ఒక్క ఒంటిగా నిలిపేదీ బడే. బడి లేకపోతే మోకాలెక్కడుండాలో తెలియక దేహం కూలబడుతుంది" అనేవారు. నేను ఈ మాటల్ని ఎర్రసిరాతో గీతలు కొట్టుకొని రాసుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకొచ్చినన్ని మార్కులు మా జట్టులో ఎవరికీ రాలేదు. (మిగతా ప్రశ్నల సంగతి ఇప్పుడెందుకులెండి.) ఎవరు ఏమిటో తేల్చడానికి ఏళ్లు పడుతుందని, తేల్చిందాన్ని మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలని కూడా ఆయన చెప్పారట. చాలాకాలం తర్వాత నా స్నేహితుడి నోటుపుస్తకంలో ఆ మాట చూశాను. నా పుస్తకంలో అది లేదు.

నాకు మొదటి ఉద్యోగం కడప నుంచి రాయచోటికి పోయే దారిలో బస్సు దిగి, రెండు మైళ్లు రాళ్లబాటన నడిస్తే వచ్చే ఒక చేనేత ఊళ్లో వచ్చింది. మాది ఆత్మకూరు. అడవి పక్కన పెరిగినవాణ్ణి, కట్టెలబండ్లు తెలుసుగానీ మగ్గాలు తెలియవు. ఆ ఊళ్లో ఇల్లు అంటే సగం మగ్గమే. నేలలో గుంత తవ్వి ఉంటుంది. నేసే మనిషి నేలమట్టాన కూర్చొని కాళ్లు గుంతలోకి వేలాడేసి, కింద ఉన్న పలకలు తొక్కుతుంటాడు. పైన చేతులు అడ్డదారం మోసే నాడెను ఇటు అటు ఆడిస్తుంటాయి. ఇదంతా నేను వెళ్లిన మొదటి వారంలోనే చూశాను. చూశానే కానీ నా చూపంతా నాడె మీదే నిలిచింది. గుంతలో కాళ్లు ఏం చేస్తున్నాయో వంగి చూడలేదు.

బడికి ఇద్దరమే అయ్యవార్లం. నేను కాక, నా తండ్రి వయసున్న పెద్దయ్యవారు ఒకరు. ఆయనకు ముక్కుపొడుం మీద ఉన్న శ్రద్ధ బడిగంట మీద లేదని నేను మొదటి రోజే తేల్చేశాను. వీధిలో పడుగు పరిచిన రోజు ఆయన గంట కొట్టేవారు కాదు. పొద్దున్నే వీధి పొడవునా దారాలు చాపి, ఎండ ముదరకముందే గంజి పట్టించి ఆరబెట్టాలి. దానికి ఆ వీధివాళ్లంతా చేతులు వేయాలి, పిల్లలతో సహా. తెగిన పోగులు ముడివేయడానికి పిల్లల వేళ్లే వాటం. ఆ పని ముగిశాక పిల్లలు గంజి వాసనతో బడికొచ్చేవాళ్లు. అప్పుడు ఆయన తీరిగ్గా లేచి గంట కొట్టేవారు. "గంట తొమ్మిదికి కదండీ కొట్టాలి" అన్నాన్నేను. "కొట్టప్పా, ఎవరొద్దన్నారు. గోడలు వింటాయి" అన్నారాయన. పట్టుదల కొద్దీ నేను రెండు రోజులు తొమ్మిదికే కొట్టాను. గోడలు శ్రద్ధగానే విన్నాయి.

అలా గోడల మీద నా చూపు పడింది. దేహం సారు చెప్పిన దేహాన్ని బడి గోడ మీదే గీస్తే? జాజు ఎర్రమట్టి కలుపుకొని, బల్ల వేసుకొని ఎక్కి, వరండా గోడ మీద నిలువెత్తు మనిషిని గీశాను. బొమ్మలు గీయడం నాకు రాదు. తల గుమ్మడికాయంత వచ్చింది, చేతులు మోకాళ్లు దాటాయి, కాళ్లకు చోటు చాలక పాదాలు రెండూ ఒకే వైపుకు తిరిగాయి. మర్నాడు పొద్దున ఒక ముసలావిడ ఆ బొమ్మ ముందు చెప్పులు విడిచి చేతులు జోడించి, "రాయచోటి వీరన్ననా అప్పా?" అని అడిగింది. కాదు, ఇది సమాజం అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని దాని బొటనవేలికి కుంకుమ పెట్టి వెళ్లిపోయింది.

నా ఆలోచనేమిటంటే, ఐదో తరగతి పిల్లలకు మూడు రోజులు పరీక్షలు పెట్టి, ఎవరు ఏ అవయవానికి తగినవాళ్లో తేల్చి, ఆ బొమ్మ మీద వాళ్ల పేర్లు రాయాలి. తలకు చేరినవాళ్లు పైచదువుకు పోతారు, మిగతావాళ్లు వాళ్ల వాళ్ల పనుల్లో కుదురుకుంటారు. ఎవరూ దారి తప్పరు. ఈ మాట ఊళ్లో పాకింది. పరీక్షలకు ముందు రోజు ఒక నేతగాడి భార్య బడి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె కొడుకును ఊరంతా 'ఎందుకోడు' అని పిలిచేవారు. ఏం చెప్పినా 'ఎందుకు' అని అడగందే ఊరుకోడు కాబట్టి.

"అయ్యోరా, మా పిల్లోన్ని రాయచోటి పెద్దబడిలో ఫస్టు ఫారానికి పంపాలని వాళ్ల నాయనకు ఒకటే ఆశ. మా అన్న ఆడనే ఉండాడు, రెండు పూట్లా కూడు పెడతానన్నాడు. మా వీధిలో ఎవురూ పోలేదు. పోతే వీడే మొదలు. వీనికి సదువు అబ్బుతాదా లేదా, మీరొక్క మాట సెప్తే మాకు ధైర్యం" అంది.

"మూడు రోజులు ఆగమ్మా. నేను నోటితో చెప్పను, గోడ మీదే రాస్తాను" అన్నాను. అలాంటి మాటలు అప్పట్లో నాకు బాగా వచ్చేవి.

రెండో రోజు పరీక్ష ముగిశాక పిల్లలకు ఆ బొమ్మ చూపించి అవయవాల గొప్పతనం వివరిస్తున్నాను. ఎందుకోడు లేచి నిలబడ్డాడు. "సార్, ఈ మనిషిలో మీరు యాడుండారు?" అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. నోటుపుస్తకంలోనూ లేదు. "నేను బయట ఉంటానురా. బొమ్మ గీసినవాణ్ణి" అన్నాను. "ఎందుకు సార్? మీరూ ఈ ఊర్లోనే గదా అన్నం తింటాండారు?" అన్నాడు వాడు, ఎగతాళి ఏమాత్రం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని. ఈసారి తరగతంతా పగలబడి నవ్వింది. వరండా చివర పెద్దయ్యవారు కూడా పొడుం డబ్బా మూతలోకి చూస్తూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

మూడో రోజు సాయంత్రం మార్కులు కూడి చూశాను. అందరికంటే ఎక్కువ ఎందుకోడికి వచ్చాయి. కరణంగారబ్బాయికి వాడికంటే రెండు తక్కువ. నేను జాజుడబ్బా పట్టుకొని గోడ దగ్గరికి పోయి, తల మీద కరణంగారబ్బాయి పేరు రాశాను. (ఆ ఊళ్లో నేనున్నది కరణంగారి వసారా గదిలోనే. దానికీ దీనికీ సంబంధం లేదని అప్పుడు గట్టిగా నమ్మాను.) కింద, ఎడమ పాదం మీద, ఎందుకోడి పేరు రాశాను. రాస్తుంటే ఏదో తీర్చుకున్నట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇవాళ్టికీ ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియదు.

మర్నాటి నుంచి తల్లులు రావడం మొదలైంది. అంగడి శెట్టిగారి కొడుకును కడుపు దగ్గర రాశాను. ఆయన భార్య నడుముకు కొంగు చుట్టుకొని వచ్చింది. "ఏమప్పా అయ్యోరా, మా పిల్లోడు మీ ఇంట్లో ఏమన్నా తిన్నాడా? కడుపని రాసినావంట." కడుపంటే తక్కువ కాదమ్మా, తిన్నదాన్ని ఒళ్లంతటికీ పంచేది అదే అని సర్దిచెప్పబోయాను. "పంచేదా? మేమెవరికి పంచుతాండాం? అంగడి పెట్టుకున్నాం గానీ సత్రం పెట్టుకోలేదు" అని ఆమె ఇంకా పైకి లేచింది. తరగతిలో గడగడా మాట్లాడే ఒక ఆడపిల్ల పేరు నాలుక మీద రాశాను. దాని అవ్వ వచ్చి, "ఇంటికాడ మాట్లాడేది సాలదా అప్పా? ఇప్పుడు నోరు మూయమంటే, నేను నాలుక, అయ్యోరే రాసినాడు అంటాండాది" అని మొత్తుకుంది. కరణంగారబ్బాయి మాత్రం ఆ రోజు నుంచి మెడ వంచడం మానేశాడు. గుంతలో కాలు పడి రెండుసార్లు బోర్లా పడ్డాడు కూడా.

ఎందుకోడి తండ్రి అమావాస్య నాడు వచ్చాడు. ఆ రోజు మగ్గాలు ఆడవు. ఆయనకు చదువు రాదు. కొడుకునే అడిగి పేరెక్కడుందో చూపించుకున్నాడు. వాడు వేలు పెట్టి, నేల చూపులు చూస్తూ, "ఎడమ పాదం" అని చదివాడు. ఆయన నా వైపు తిరిగి, "పాదమేనా అయ్యోరా? బాగా చూసినారా?" అని అడిగాడు. నా పరీక్షను శంకిస్తున్నాడనుకొని, "మూడు రోజులు చూసే రాశాను" అన్నాను గంభీరంగా. ఆయన కొడుకు కాళ్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నాకు నమస్కారం పెట్టి, వాడి భుజం మీద చెయ్యి వేసుకొని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు. అలిగాడనుకున్నాను. నాలుగు రోజులకు దిగొస్తాడనుకున్నాను. నాలుగు వారాలు గడిచాయి.

అప్పుడే డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. ఆయన హాజరుపట్టీ చూశారు, గంట గురించి అడిగారు (పెద్దయ్యవారు దగ్గారు), ఆఖరికి వరండాలో నా మనిషి ముందు ఆగిపోయారు. నేను దేహం సారు పాఠాన్ని ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకొని, "భేష్. ఇది కదయ్యా బడి చేయాల్సిన పని" అన్నారు. నేను గాల్లో తేలుతున్న ఆ క్షణంలోనే ఎందుకోడి తండ్రి మెట్లెక్కి వచ్చాడు. రెండు చేతుల మీద మడతపెట్టిన తుండుగుడ్డ ఉంది. అంచు కాస్త వంకర పోయింది.

"అయ్యోరా, పిల్లోడు నేసిన మొదటి గుడ్డ. గురువుకే ఇయ్యాలని తెచ్చినా" అన్నాడు. "మీరు సెప్పకుంటే వాన్ని రాయచోటికి తోలేస్తుంటి. నేను వాని కాళ్లు సూసుకోనే లేదు. మగ్గానికి కాళ్లే గదా ముఖ్యం, ఎడమకాలు తొక్కితేనే గదా పోగులు తెరుసుకునేది. సేతులదేముంది, ఎవురైనా నాడె ఇసురుతారు. పదకొండేండ్లకే వాని కాలు పలకకు అందింది. ఇంట్లో ఉండే మేము కనిపెట్టలేదు. మూడు దినాల్లో మీరు కనిపెట్టినారు. సదువుకున్నోళ్ల సూపే వేరు."

నేను అవమానించడానికి రాసిన మాటను ఆయన ఆశీర్వాదంగా తీసుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన బతికిన ఇంట్లో కాలు కింద ఉండేది కాదు, అన్నిటికీ ముందుండేది. తలను పైన, కాలిని కింద పెట్టుకున్నది నేను. ఒక్క మాట, 'మీవాడికి అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి, వాణ్ణి రాయచోటికి పంపండి' అనే ఒక్క మాట, నా గొంతు దాకా వచ్చింది. "ఏమిటి విషయం?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. నేను తుండుగుడ్డ అందుకొని, "ఊరివాళ్ల అభిమానం సార్" అన్నాను. ఆయన తనిఖీ పుస్తకం తెప్పించుకొని, ఊరి అవసరం ఎరిగి పిల్లల్ని తీర్చిదిద్దుతున్న బడి అని చక్కటి దస్తూరిలో రాశారు.

ఆయన బండి కనుమరుగయ్యాక పెద్దయ్యవారు నా పక్కన కూర్చున్నారు. "వానికి మార్కులెన్నొచ్చినాయప్పా?" అన్నారు. చెప్పాను. ఆయన చిటికెడు పొడుం తీసుకున్నారు, పీల్చకుండా వేళ్ల మధ్యనే ఉంచుకున్నారు. "అయితే తుడిసేసి వేరే రాయి. తడిగుడ్డ నేను తెస్తా. ఫస్టు ఫారంలో చేర్చేదానికి ఇంకా పది దినాలుండాయి" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు చూసి మెచ్చుకున్న బొమ్మ కదండీ, మళ్లీ వచ్చి అడిగితే ఏం చెప్పాలి అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, పొడుం పీల్చి, పెద్దగా తుమ్మి లేచిపోయారు.

ఆ సాయంత్రం పొద్దుండగానే వాళ్లింటికి పోయాను. చెప్పేయాలనే పోయాను. గుంతలో వాడు నడుము దాకానే కనిపించాడు. తల్లి నాకు పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది, వీధిలో పోయేవాళ్లందరినీ పిలిచి అయ్యోరొచ్చినాడని చెప్పింది. వాళ్లింటి సంతోషం మధ్య నేను మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. వాడు నాడె ఆపి, తల్లి పక్కకు పోయేదాకా ఆగి, మెల్లగా అడిగాడు. "నాకు మార్కులు తక్కువొచ్చినాయా సార్?"

"తక్కువని కాదురా" అన్నాను. "కాలు కూడా గొప్పదే."

వాడు 'ఎందుకు సార్' అంటాడని కాచుకున్నాను. అని ఉంటే చెప్పేసేవాణ్ణేమోనని ఇప్పటికీ నాకు నేను నచ్చజెప్పుకుంటాను. వాడు అనలేదు. తల వంచుకొని పలక తొక్కాడు.

పది రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి నా దగ్గర గొప్ప కారణాలేమీ లేవు. ఒక రోజు ఎండ ఎక్కువగా ఉంది, ఒక రోజు తలనొప్పి, ఒక రోజు కరణంగారింట్లో పూజ. నా అయ్యవారెవరూ నన్ను గోడకెక్కించలేదని, కట్టెలబండి తోలేవాడి కొడుకునైన నన్ను ఎవరో ఒకాయన ఏమీ తేల్చకుండానే చదువుకోనిచ్చారని ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. గడువు పోయింది. కరణంగారబ్బాయి పెట్టె సర్దుకొని రాయచోటి బస్సెక్కాడు. ఆరు నెలలకు, ఇన్‌స్పెక్టరుగారి మెప్పు పుణ్యాన నాకు కర్నూలు వైపు మంచి చోటుకు బదిలీ వచ్చింది. వెళ్లేముందు నేనే సున్నం తెచ్చి రెండు పూతలు పూశాను. తల పోయింది, చేతులు పోయాయి, కడుపు కూడా పోయింది. కింద పాదాల దగ్గర మాత్రం ఎర్రగా కనిపిస్తూనే ఉంది. ఆడ జాజు మందంగా పట్టించినావప్పా అన్నారు పెద్దయ్యవారు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక, కడప బస్టాండులో చీరల మూట భుజాన వేసుకున్న ఒకాయన నా ఎదురుగా ఆగి, నా ముఖంలోకి పరకాయించి చూశాడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. "మీరు మా ఊర్లో మనిషిని గీసిన సారు గదా?" అన్నాడు. ఎందుకోడే. బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నాలుగు మగ్గాలున్నాయట. కూతురు కడపలో కాలేజీలో చదువుతోందట. "దాన్ని ఏ గోడ మీదా రాయనియ్యలేదు సార్" అన్నాడు నవ్వుతూ. బాగానే బతుకుతున్నాడని తెలిసి గుండె తేలికపడింది. తేలికపడగానే సిగ్గేసింది. బాగా బతకడం వాడి కష్టం. అందులో నా వాటా ఏమీ లేదు.

అప్పుడు చెప్పాను. "ఆ పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు నీకేనప్పా. కరణంగారబ్బాయికి నీకంటే రెండు తక్కువ."

ఆయన మూట మీది తాడు ముడిని వేలితో తడిమాడు. "మా నాయనకు తెలుసునా?" అన్నాడు. తెలియదన్నాను. "తెలీకుండా పోయినాడు. మంచిదే. ఆ తుండుగుడ్డ సంగతి సచ్చేదాకా సెప్పుకుంటాండె. ఇనస్పెట్రు ముందర అయ్యోరు రెండు సేతులా తీసుకున్నాడని."

రాయచోటి బస్సు వచ్చి ఆగింది. ఆయన మూట ఎత్తుకొని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "సార్, ఆ బొమ్మలో మీరు యాడుండారో ఇప్పుడన్నా సెప్తారా?"

"బయటే నిలబడ్డానప్పా, జాజుడబ్బా పట్టుకొని."

"ఎందుకు సార్?" అన్నాడు. పదకొండేళ్ల పిల్లవాడి గొంతుతో కాదు గానీ, అదే ముఖంతో, ఎగతాళి లేకుండా, నిజంగా తెలుసుకోవాలని.

జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, కండక్టరు అరుస్తున్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా ఆయన కూడా ఎక్కేసి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ తుండుగుడ్డ మా ఇంట్లో పెట్టె అడుగున ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్లలో దాంతో ముఖం తుడుచుకునే ధైర్యం ఒక్కసారి కూడా చేయలేదు. అప్పుడప్పుడు తీసి, వంకర పోయిన అంచు సరిచేయబోయి, మళ్లీ మడత పెడతాను. బల్ల మీదికెక్కి, చెవుల దాకా జాజు పూసుకొని, దేశాన్ని గోడకు ఎక్కిస్తున్న ఆ ఇరవైరెండేళ్ల కుర్రవాడు అప్పుడు కళ్ల ముందుకొస్తాడు. వాణ్ణి తిట్టాలని మొదలుపెట్టి, ఆ గుమ్మడికాయ తలను, ఒకే వైపుకు తిరిగిన పాదాలను చూసి నవ్వొచ్చి ఊరుకుంటాను. వాడికి అన్ని ప్రశ్నలకూ జవాబులొచ్చు. నాకిప్పుడు ఉన్నదల్లా ఒక్క ప్రశ్నే, అదీ నాది కాదు.